మంగళవారం నీళ్ళు

నాటకం చదువుకోవడానికి విశ్వవిద్యాలయానికి పోతానని చెప్పినప్పుడు మా నాయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆయన నాటకమంటే గిట్టని మనిషేం కాదు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పాతికేళ్ళుగా రాజు వేషమంటే ఆయనదే. ఉయ్యాలవాడ నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చి చూసేవాళ్ళు. పొద్దంతా కాలువ కింద మళ్ళలో పార పట్టుకొని నిలబడే ఆసామి, ఉత్సవం వస్తే చాలు, నంద్యాల నుంచి అద్దెకు తెప్పించిన కిరీటం పెట్టుకొని పద్యం ఎత్తుకునేవాడు. అట్లాంటి మనిషి నన్ను చూసి నవ్వడమేమిటి?

"వేసం కట్టేదానికి చదువేందిరా?" అన్నాడు. "నేనేం చదివినా? హార్మోనియం శృతి ఇస్తాది, గొంతుండేవోడు పాడతాడు. దానికి రెండేండ్లు అంత దూరం పోయి హాస్టల్లో పడుకోవాల్నా?"

"చదివితే తెలుస్తాది నాయనా, ఎందుకో."

"సరే, ఒక ఏడు పోయి చూడు. విసుగుపుట్టి నువ్వే వస్తావు."

అది పందొమ్మిది వందల యాభై ఆరు. నేను బి.ఏ. ముగించి ఇంట్లో కూర్చున్నాను. లా చదువుతానని బంధువులందరూ అనుకుంటూ ఉంటే, నేను నంద్యాల స్టేషన్లో రేకు పెట్టెతో రైలెక్కి సముద్రపు ఒడ్డునున్న ఊరికి నాటకం చదవడానికి పోయాను. మా శాఖలో పదకొండు మందిమి. అందులో ఇద్దరు ఆడపిల్లలు. ఆడవేషమంటే మీసం గీక్కున్న మా ఊరి దర్జీ అనుకునే నాకు, ఆడవాళ్ళే ఆడవేషం వేస్తారన్న సంగతి అరగడానికి వారం పట్టింది.

విసుగా? నాకు తిండి కూడా గుర్తుండేది కాదు. మొదటివారం మాకు నడవడం నేర్పారు. ఇరవై రెండేళ్ళొచ్చినవాడికి నడక నేర్పుతారా అని మొదటిరోజు లోలోపల పళ్ళు నూరుకున్నాను. రెండోరోజుకు తెలిసింది, నాకు నిజంగానే నడవడం రాదని. జనానికి వీపు తిప్పి నిలబడి ఏడవవచ్చని చెప్పారు. మాట్లాడకుండా కూడా ఒక నిమిషం జనాన్ని కూర్చోబెట్టవచ్చని చూపించారు. ఒక పూట సుత్తి పట్టుకొని చెక్కఫ్రేములకు గుడ్డ బిగించేవాళ్ళం, ఇంకో పూట ఒకరి మొహానికి ఒకరు రంగు పూసుకునేవాళ్ళం. దీపం వెలుగును ఎప్పుడు తగ్గించాలి, ఎంత మెల్లగా తగ్గించాలి, దానికొక పాఠం. నాటకమంటే గొంతు ఒకటే కాదని, అది వడ్రంగం, కుట్టుపని, లెక్క, ఓపిక అన్నీ కలిసిన పెద్ద పని అని తెలిసేసరికి నాకు పిచ్చెత్తినట్టయింది. రాత్రి పడుకుంటే ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉండేది.

మా మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఆయన తరచుగా ఒక మాట అనేవారు: "చేతులకు పని పెట్టండి, నోరు దానంతటదే దారికొస్తుంది." నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని, నమ్మలేదు. చేతులకూ నోటికీ ఏం సంబంధమని అనుకున్నాను.

రెండో ఏడు మొదలయ్యాక దసరా సెలవులకు ముందు మాస్టారు ఒక పని అప్పజెప్పారు. ప్రతివాడూ తన ఊళ్ళో, తన జనంతో, తానే రాసిన చిన్న నాటకం ఆడించాలి. ఆయన ఊరూరా తిరిగి చూస్తారు. డిప్లొమా వస్తుందా రాదా అన్నది దాని మీదే ఉంటుంది. నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చేసరికి మా నాయన ముఖం గంటు పెట్టుకొని ఉన్నాడు.

ఊళ్ళో కనపడిన ప్రతివాడూ "మీవోడు ఏం చదువుతాండాడప్పా?" అని అడగడం, ఈయన "నాటకం" అనడం, వాళ్ళు మూతి తిప్పుకొని నవ్వడం. పదహారు నెలలు ఇదే భాగోతం. మనిషికి తల కొట్టేసినట్టయింది.

"ఇంగ చాల్లే," అన్నాడు. "లా కాలేజీకి పోతావో, సేద్యం చూసుకుంటావో తేల్చుకో."

"నాయనా, ఈ ఒక్క నాటకం ఆడనీ. సార్ వస్తాండాడు."

 "సరే, ఆడు," అన్నాడు. "అది చూసినంక ఈ చదువు యాడన్నా, దేనికన్నా పనికొస్తాదని నాకు అనిపిస్తే మల్లా రైలెక్కు. లేకుంటే పెట్టె అటక మీదికి ఎక్కించు." మా అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విన్నది. ఆ మాటకు తిరుగులేదని ఇద్దరికీ తెలుసు.

నేనేమో అప్పటికే గాల్లో ఉన్నాను. "అయితే వేషం నువ్వే వేయాల నాయనా," అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. ఎంత కోపమున్నా వేషమంటే ఆగలేడు.

"రాజు పేరేంది?"

"రాజు లేడు. రైతు."

"రైతా? రైతును చూసేదానికి జనం యాల వస్తార్రా? ఇంటి ముందర నిలబడితే కనపడతాడు."

అయినా ఒప్పుకున్నాడు. నాటకంలో ఇద్దరే మనుషులు. ఒకే పంటకాలువ మీద పైచేను రైతు ఒకడు, కిందిచేను రైతు ఒకడు. శుక్రవారం నీళ్ళ వంతు కిందివాడిదైతే, పైవాడు ఎన్నో ఏళ్ళుగా కిందికి నీళ్ళు పారే మడవ కట్టేసి తానే పారించుకుంటూ ఉంటాడు. కిందివాడు వచ్చి అడుగుతాడు. మాటా మాటా పెరుగుతుంది. చివరికి పైవాడు "శుక్రవారం నీళ్ళు నీవే, తిప్పుకో పో" అంటాడు. ముప్పావుగంట నాటకం.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. మా చేనికి కింద మా చిన్నాయన చేను ఉంది. చిన్నాయనంటే మా నాయన చిన్నాన్న కొడుకు. మంగళవారం నీళ్ళు ఆయనవి. మా తాతల కాలంలోనే ఆ వంతు మాకు వదిలేశారని మా నాయన వాదన. వదల్లేదని చిన్నాయన వాదన. ఇరవై ఏళ్ళుగా పెద్దమనుషులు ఎన్నిసార్లు కూర్చున్నా మా నాయన మడవ తీయలేదు, రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. నేను మంగళవారాన్ని శుక్రవారం చేసి, వరిపైరును వేరుశనగ పైరు చేసి, ఇంకెవరూ పోల్చుకోలేరని సంబరపడిన వెర్రివాడిని. రాసింది చదివి మా నాయన "ఎవురి కతరా ఇది?" అని అడిగాడు. "ఊరకే రాసినా," అన్నాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కిందిచేను రైతు వేషానికి నంద్యాల నుంచి నా హైస్కూలు స్నేహితుణ్ణి పిలిచాను. బట్టలంగడి శెట్టి కొడుకు. గొంతు బాగుంటుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఒకటే లోటు, పుట్టిన కాణ్ణుంచి పార పట్టుకున్న పాపాన పోలేదు. రోజూ పొద్దున బస్సులో వచ్చేవాడు, సాయంత్రం బస్సులో పోయేవాడు.

అసలు తంటా వాడితో కాదు, మా నాయనతో. పాతికేళ్ళు రాజుగా నిలబడిన మనిషి రైతుగా నిలబడలేకపోయాడు. తానే రైతు, ఆ సంగతి ఒళ్ళు మరిచిపోయింది. రావడమే కుడికాలు ముందుకు, ఎడమచెయ్యి నడుము మీద, చూపు దూరాన ఎక్కడో. నేను "నీళ్ళు యాడికి పోతాండాయి?" అని రాస్తే, ఆయన "ఈ జలమెచ్చటికి పోవుచున్నది?" అని రాగం తీసేవాడు. నా ప్రాణం పోయేది.

"నాయనా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు."

"స్టేజీ మీద ఇంట్లో మాదిరి మాట్లాడితే జనం రాళ్ళేస్తార్రా. మర్యాద ఉండొద్దా?"

ఆరు రోజులు ఇదే వరస. అమ్మ చూసి చూసి, "కిరీటం లేకుంటే మీ నాయనకు తల నిలబడదురా, ఏం జేస్తావు," అని ఎగతాళి చేసింది. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు వచ్చేదానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఇంకేముంది, పెట్టె అటకెక్కినట్టేనని అనుకున్నాను.

ఏడోరోజు పొద్దున ఆయన వసారాలో కూర్చొని జనపనారతో ఎద్దులకు పగ్గం పేనుతున్నాడు. అమ్మతో మజ్జిగ గురించి ఏదో గొణుగుతున్నాడు. ఆ గొంతు వినేసరికి ఒళ్ళు ఝల్లుమంది. నాకు కావలసిన గొంతు అదే. మెల్లగా పోయి స్తంభానికి ఆనుకొని, ఊరికే అడిగినట్టు కిందిచేను రైతు మొదటి మాట అన్నాను: "అన్నా, ఈ పొద్దు శుక్రవారం గదా, మడవ తీయవా?"

ఆయన తలెత్తలేదు. నార మెలేస్తూనే, "యాల తీయాల? నీ పైరేమన్నా ఎండిపోతాండాదా?" అన్నాడు. నేను రాసిన మాటే, మా నాయన గొంతులో. నేను రెండో మాట అన్నాను, ఆయన జవాబిచ్చాడు. మూడోది, నాలుగోది. చేతులు పగ్గం మీద, నోరు నాటకంలో. సగం దాకా వచ్చాక ఆయనకే తెలిసి, పేనడం ఆపి నావైపు చూశాడు. నేను అక్కడే గంతులేశాను. మాస్టారి మాట నమ్మనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ, నవ్వుతూ, వసారా అంతా తిరిగాను. ఆయన మాత్రం, "ఇది యాక్షనేందిరా, ఇది నేను రోజూ చేసేదే గదా," అన్నాడు, కొంచెం చిన్నబుచ్చుకొని.

మాస్టారు నంద్యాలలో రైలు దిగి బస్సులో ఆళ్ళగడ్డకు వచ్చారు. మళ్ళీ సాయంత్రం ఆఖరి బస్సుకు పోవాలి. అందుకని నాటకం శనివారం మధ్యాహ్నం మూడింటికే పెట్టాను. పట్టపగలు నాటకమేందని ఊరంతా ముక్కున వేలేసుకుంది. అయినా భోజనాలు కాగానే మా కళ్ళంలోకి మూడు వందల మందికి తక్కువ కాకుండా వచ్చి కూర్చున్నారు.

అంతకు ముందు అన్నం తినేటప్పుడు మా నాయన మాస్టారిని పెండ్లికొడుకు తండ్రిని అడిగినట్టు అడిగాడు. "సార్, మీ దాంట్లో చదివినోల్లు ఏం జేస్తాండారు?"

మాస్టారు నెయ్యి కలుపుకుంటూ నిదానంగా చెప్పారు. "ఒకతను రేడియోలో ఉన్నాడండి. ఒకమ్మాయి హైస్కూల్లో టీచరు. ఇంకొకడు మద్రాసులో సినిమాలకు అంతఃపురాల గోడలు కడుతున్నాడు, అట్టతోనే లెండి. ఒకడు బ్లాకు ఆఫీసులో చేరి, పల్లెల్లో నాటకాలాడించి, ఎరువుల సంగతీ చదువు సంగతీ చెబుతున్నాడు."

"అందరూనా?"

"లేదండి. ఇద్దరు కిరాణా కొట్లు పెట్టుకున్నారు."

మా నాయన ఆ మాటకు తలాడించాడు. ఆయన అబద్ధం చెప్పలేదని నచ్చిందో, కిరాణా కొట్లు నచ్చాయో నాకు తెలియలేదు.

తెర లేదు, కిరీటం లేదు, హార్మోనియం లేదు. కళ్ళం మధ్యలో మా నాయన పగ్గం పేనుతూ కూర్చున్నాడు. నేను గడ్డివామి పక్కన కాగితాలు పట్టుకొని నిలబడ్డాను.  జనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, నాటకం మొదలైందని ఎవరికీ తెలియలేదు. నా స్నేహితుడు పార భుజాన వేసుకొని వచ్చి మాట మొదలుపెట్టాడు. మా నాయన తలెత్తకుండా జవాబు చెప్పాడు. మాటలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.  నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

అరగంటసేపు బ్రహ్మాండంగా నడిచింది. కిందివాడు గట్టిగా నిలదీసి అడిగే చోటుకు వచ్చేసరికి మా శెట్టి తడబడ్డాడు. మర్యాదస్తుడు, బట్టలంగట్లో బేరం చేసినట్టు మెత్తగా అడుగుతున్నాడు. పార కూడా తలకిందులుగా పట్టుకున్నాడు. అప్పుడు వెనక వరసలో ఒక మనిషి లేచాడు. మా చిన్నాయన.

ఆయన జనంలో నుంచి దారి చేసుకుంటూ నేరుగా కళ్ళం మధ్యకు వచ్చాడు. "నువ్వు జరుగు శెట్టీ," అన్నాడు. "నీకు తెల్దు. అది అట్ల అడిగేది కాదు." వాడి చేతిలో నుంచి పార తీసుకున్నాడు. వాడు నావైపు చూసి, వెనక్కి వచ్చి జనంలో కూర్చున్నాడు.

  ఆపాలా? ఎట్లా ఆపాలి? మాస్టారు ముందు వరసలో మెడ సాచి చూస్తున్నారు.

"అన్నా," అన్నాడు చిన్నాయన, "మీ నాయన, మా నాయన ఒక తల్లి పిల్లోల్లు. నీళ్ళు వదిలిపెడ్తా అని మా నాయన ఎప్పుడన్న్యాడు? నువ్వు ఇన్యావా?"

నేను రాయని మాట అది. మా నాయన పేనడం ఆపలేదు. "పెద్దోల్లు అనుకున్యారు," అన్నాడు.

"నువ్వు ఇన్యావా అని అడుగుతాండా."

"ఇనలే."

ఆ ఒక్కమాట ఇరవై ఏళ్ళుగా పంచాయతీలో ఎవరూ ఆయన నోట రాబట్టలేదు. జనంలో ఎవరో దగ్గారు. చిన్నాయన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. "నా మొదటి పైరు ఎండిన ఏడు నేను నీ గడప కాడికి వచ్చి నిలబన్యా. నువ్వు బయటికి రాలే. యాద్ ఉండాదా?"

మా నాయన చేతులు ఆగిపోయాయి. నార తొడ మీద పడింది. మాట్లాడకుండా జనాన్ని నిమిషంసేపు కూర్చోబెట్టవచ్చని నాకు చెప్పారు గాని, అది ఇంత పొడుగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. లేస్తే నాటకం పోతుంది, నా డిప్లొమా పోతుంది, ఇంటి పరువూ పోతుంది. ఆయన లేచాడు. నడుము మీద చెయ్యి పెట్టలేదు, కుడికాలు ముందుకు రాలేదు. పొలంలో నిలబడినట్టే నిలబడ్డాడు.

"మంగళవారం నీళ్ళు నీవే," అన్నాడు. "తిప్పుకో పో."

నేను రాసింది శుక్రవారం.

చప్పట్లు రావడానికి కాసేపు పట్టింది. వచ్చాక ఆగలేదు. మాస్టారు లేచి నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చి, "ఆ రెండో ఆయన్ని ఎక్కడ పట్టావయ్యా? జనంలో కూర్చోబెట్టి లేపడం, ఏం ఊహ!" అన్నారు.  ఆయన్ను నంద్యాల రైలెక్కించడానికి బస్సులో పోతూ నిజం చెప్పేశాను. ఆయన బస్సంతా తిరిగి చూసేటట్టు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఇట్లాంటి పని చేయగలవాళ్ళను బ్లాకు ఆఫీసులవాళ్ళు వెతుక్కుంటున్నారని, చదువు మాత్రం ముగించమని చెప్పారు. ఆ మాట వట్టిగా పోలేదు. అరవైలో నంద్యాలలో నాకు ఆ ఉద్యోగమే వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల చేతనే నాటకాలాడించడం నా పని. కాని ఆ సాయంత్రం మాస్టారికి ఏమని చెప్పను? నా చదువు ముగుస్తుందో లేదో ఆయన చేతిలో లేదు, నా చేతిలో లేదు.

ఎందుకంటే ఇంటికొచ్చాక మా నాయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడలేదు, సోమవారం మాట్లాడలేదు. అన్నం తిని లేచి పోయేవాడు. నా పెట్టె మంచం కింద అట్లాగే ఉంది. అటకెక్కిస్తాడో, రైలెక్కిస్తాడో తెలియలేదు.

మంగళవారం తెల్లవారగానే ఆయన పార తీసుకొని బయలుదేరాడు. నేను వెనకాలే పోయాను. మడవ దగ్గరికి పోయేసరికి చిన్నాయన తన గట్టు మీద దూరంగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

"ఏందప్పా ఆడ నిలబన్యావ్?" అని అరిచాడు మా నాయన.

"అది నాటకంలో అన్న మాట గదన్నా," అన్నాడు చిన్నాయన. "అడిగేదా వద్దా అని చూస్తాండా."

"నాటకమే. అయితే ఏం? బేగా రా, పొద్దెక్కుతాండాది."

ఇద్దరూ చెరో వైపు నిలబడి మట్టి తవ్వారు. నీళ్ళు కిందికి తిరిగాయి. మా నాయన గట్టెక్కి కాళ్ళు కడుక్కొని, ఇన్నాళ్ళూ ఆ మంగళవారం నీళ్ళతోనే తడిసిన మా పైమడివైపు చాలాసేపు చూశాడు. వరి పొట్ట మీదుంది, నీళ్ళు తప్పనిసరిగా కావలసిన అదను. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇరవై ఏండ్లు పెద్దమనుషులు కూసోని చెప్పినా ఇడవని నీళ్ళురా ఇవి. నువ్వు ముప్పావుగంటలో ఇడిపించినావ్. ఈ చదువు పనికిరాదని ఇంగ నేను యా నోటితో అనేది? పో, పెట్టె సర్దుకో. పైమడి ఎండితే ఎండనీ."